పాపాయి ముందే చెప్పిన కబురు

పాపాయికి ఇంగ్లీషు అక్షరాలు రావు. తెలుగు కూడా ఐదో తరగతి దాకా చదివిందే. అయినా రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, ఏ రోగి ఒంట్లో ఏ పురుగు చేరిందో రిపోర్టు రాకముందే చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

తొమ్మిదేళ్ళుగా ల్యాబ్‌లో ఆమె పని గాజు ప్లేట్లు కడగడం, కుక్కరులాంటి పెద్ద మిషన్లో వాటిని ఉడకబెట్టడం, చల్లారితే జున్నులా గడ్డకట్టే పదార్థం కాచి వాటిలో పోయడం. రోగి కఫాన్నో, చీమునో ఆ ప్లేటు మీద గీసి వెచ్చని పెట్టెలో పెడితే తెల్లారేసరికి పురుగు మొలుస్తుంది. తరవాత దాన్నే ఇంకో ప్లేటు నిండా పూసి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. మందు పనిచేసేదైతే బిళ్ళ చుట్టూ పురుగు మొలవక గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. పనిచేయనిదైతే పురుగు బిళ్ళ అంచుదాకా పాకుతుంది. ఆ ఖాళీకి డాక్టరుగారు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పేవారు. పాపాయి గుడి అనేది. వానాకాలంలో చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టే ఉంటుందని.

"మేడంగారూ, రెండో మంచం ఆయనకి మూడు గుళ్ళే కట్టాయండి. ఒకటి మరీ చిన్నదండి" అని ఆమె పొద్దున్నే చెబితే, డాక్టర్ మధులత స్కేలు పెట్టి కొలిచి, అవునని తల ఊపేవారు. పాపాయికి వాసనలు కూడా తెలుసు. మగ్గిన ద్రాక్షపళ్ళ వాసన వేసి, పచ్చగా రంగు దిగే పురుగు ఒకటుంది. మూత తీయకముందే అది ఆమెకు తెలిసిపోయేది.

"ముక్కు దగ్గర పెట్టుకోకు పాపాయీ, ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను పెట్టుకోలేదండి, అదే వచ్చిందండి."

మధులతగారు ఆ ఆసుపత్రికి వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన నెలలోనే గోడకు పెద్ద చార్టు కట్టించారు. ఐసీయూలో ఉన్న ఏడు మంచాల్లో ఎవరికి ఏ పురుగు పట్టింది, దానికి ఏ మందులు పనిచేయడం మానేశాయి, అంతా అందులో రాసేవారు. "నిరుడు పనిచేసిన మందు ఈ ఏడు పనిచేయట్లేదు. ఏది ఎప్పుడు పోయిందో రాసుకోకపోతే కళ్ళకు గంతలు కట్టుకుని వైద్యం చేసినట్టే" అనేవారు. అంతటితో ఊరుకోలేదు. నెలకో సోమవారం పొద్దున్నే దూదిపుల్లలు పట్టుకుని ఐసీయూలోకి వెళ్ళి, తలుపు పిడి, మంచం పట్టీలు, కుళాయి, సింకు, ఊపిరి మిషను గొట్టాలు, అన్నింటినీ తుడిచి ఆ పుల్లల్ని ప్లేట్ల మీద గీసేవారు. వెనకాల ప్లేట్ల పళ్ళెం పట్టుకుని పాపాయి నడిచేది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక మంచం పట్టీ మీద, సింకు అంచు మీద పురుగు దొరికింది. మేట్రన్‌గారు ఐసీయూ ఆయా సువార్తమ్మను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆసుపత్రులు కడుగుతున్న మనిషి సువార్తమ్మ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సాయంత్రం మెట్ల కింద పాపాయిని పట్టుకుంది.

"ఏమే, నువ్వు కూడా ఆవిడెనకాల పళ్ళెం పట్టుకుని ఊరేగుతూ వచ్చేయడమేనా? ముందో మాట చెప్పొద్దా?"

"నాకేం తెలుసక్కా. పద అన్నారు, వచ్చాను."

"ఈసారి తెలిస్తే చెప్పు. చుట్టాలొస్తన్నారంటే వాకిలి కడుక్కోమా ఏంటి? అంట్లు సింకులో ఉండగా పెళ్ళివారు దిగిపోతే సిగ్గు ఎవరికి? నీక్కాదూ?"

పాపాయికి అది న్యాయంగానే తోచింది. ధవళేశ్వరంలో ఇద్దరిదీ ఒకటే వీధి. తనకు ఆ ఉద్యోగం ఇప్పించింది సువార్తమ్మ. కూతురు హారతి పుట్టినప్పుడు, అత్తగారు బుల్లెమ్మ తీర్థానికి వెళ్ళి ఉంటే, మంచం పక్కన కూర్చుని చేయి పట్టుకున్నదీ సువార్తమ్మే. అలాంటి మనిషిని నలుగురిలో తల దించుకునేలా ఎందుకు చేయాలి?

తేదీ డాక్టరుగారు ఎవరికీ చెప్పేవారు కాదు. కానీ శనివారం పాపాయిని ఇరవై ప్లేట్లు ఎక్కువ పోయమనేవారు. అలా పోయమన్నారంటే సోమవారం పుల్లలు తీస్తారన్నమాట. ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తూ సువార్తమ్మ వీధి కుళాయి దగ్గర ఆగేది. "రేపు పెళ్ళివారక్కా" అనేది పాపాయి బిందె ఎత్తుకుంటూ. ఇద్దరూ నవ్వుకునేవారు. సోమవారం తెల్లవారుతూనే సువార్తమ్మ డ్యూటీలో దిగి, మంచాలన్నీ తుడిచి, సింకులో సీసాడు ఫినాయిలు ఒంపేది. ఐసీయూలో ఆ వాసన ఎప్పుడూ ఉండేదే కనుక డాక్టరుగారికి అనుమానం రాలేదు. ప్లేట్లన్నీ శుభ్రంగా వచ్చేవి. దసరా ముందు మొదలైన ఆ కబురు నెలనెలా నడిచింది. ఎవరికీ మాట రాలేదు.

కానీ గోడ మీది చార్టులో మాత్రం ద్రాక్షవాసన పురుగు తగ్గలేదు. నెలకో రెండు నెలలకో ఒకరికి పట్టేది. పట్టినవాళ్ళకి గుళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోతూ వచ్చాయి. మధులతగారు చార్టు ముందు నిలబడి పెన్ను బుగ్గకు ఆనించుకునేవారు. "గదిలో ఎక్కడా లేదు. మరి ఎక్కడినుంచి వస్తోంది? ఊళ్ళల్లో ఆర్‌ఎంపీలు అయినదానికీ కానిదానికీ ఇంజక్షన్లు పొడుస్తారు కదా, అక్కడినుంచే మోసుకొస్తున్నారు" అనేవారు. "మరేనండి" అనేది పాపాయి. ఆమెకూ అంతేననిపించేది.

పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు ఆషాఢంలో ఆమె భర్త చిట్టియ్య కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు.

చిట్టియ్య ఆలమూరు వైపు తోటల్లో దింపు తీసే మనిషి. కాళ్ళకు తాడు వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని, ఇతరులు ఒక చెట్టు దిగేలోగా రెండు చెట్లు దిగేవాడు. ముందురోజు వాన పడి మాను తడిగా ఉంది. సూర్యప్రకాశంగారి తోటలో సగం చెట్టు మీంచి జారి గట్టు మీద పడ్డాడు. పక్కటెముకలు నాలుగు విరిగి ఒకటి ఊపిరితిత్తిలో దిగింది. తోటవాళ్ళు వ్యానులో పడుకోబెట్టి నేరుగా పాపాయి పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. ఛాతీలో గొట్టం వేశారు, నోట్లో ఇంకో గొట్టం వేసి ఊపిరి మిషను తగిలించారు. నాలుగో మంచం ఇచ్చారు.

మూడో రోజుకి తెలివి వచ్చింది. నోట్లో గొట్టం ఉంది కనుక మాట లేదు. పాపాయి లోపలికి వెళితే, ఒక చేయి నిలబెట్టి, దాని మీద రెండో చేతి వేళ్ళు రెండూ చెట్టెక్కినట్టు ఎక్కించి, జర్రున జారినట్టు చూపించి కళ్ళతో నవ్వాడు.

"నవ్వు, నవ్వు. లేచాక చెప్తాను నీ పని" అంది పాపాయి.

సువార్తమ్మ అతని మంచం వదిలేది కాదు. గొట్టంలోంచి కఫం లాగే మిషను సీసా ఒకటి మంచం పక్కన ఉంటుంది. మిగతా మంచాల సీసాలు రోజుకొకసారి కడిగితే, చిట్టియ్యది మూడుసార్లు కడిగేది. ఊపిరి మిషనులో గాలిని తడిపే నీళ్ళ గిన్నె కూడా విప్పి, సింకులో కుళాయి కింద పెట్టి తోమి, అంచు మీద బోర్లించేది.

"ఏం తమ్ముడూ, మంత్రిగారొచ్చినా ఇంత మర్యాద చేయను నేను. లేచి నాలుగు బోండాలు దింపిపెట్టాలి నాకు" అనేది. చిట్టియ్య నాలుగు కాదు, పది అని రెండు చేతులూ చూపించేవాడు.

బయట వరండా బల్ల మీద బుల్లెమ్మ కూర్చుని ఉండేది. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి విభూతి పొట్లం కొంగున కట్టుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచేది.

గురువారం నాడు డాక్టర్లు చూసి, "ఊపిరి బాగానే తీస్తున్నాడు. రేపు మిషను తీసేద్దాం" అన్నారు. పాపాయి ఆ మాట వీధిలో అందరికీ చెప్పింది. హారతి స్కూలు నుంచి వచ్చి, నాన్న వస్తే మంచం ఎక్కడ వేయాలో చూసి గది సర్దింది.

శుక్రవారం పొద్దున్నే చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నానికి నూట నాలుగు. మిషను తీయలేదు. గొట్టంలోంచి కఫం తీసి ల్యాబ్‌కి పంపారు. ఆ ప్లేటు పోసింది పాపాయే.

శనివారం ఆమె ఎప్పటిలాగే ఏడున్నరకు వచ్చి వెచ్చపెట్టె తలుపు తీసింది. ద్రాక్షపళ్ళ వాసన గుప్పుమంది. పెట్టెలో పదమూడు ప్లేట్లు ఉన్నాయి. వాటిలో ఎవరిదైనా కావచ్చు. ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు అంకె రాసిన ప్లేటు పచ్చగా ఉంది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. మూత వేసి, కొంగుతో ప్లేటు అంచు తుడిచి, డాక్టరుగారి బల్ల మీద పెట్టి, సింకు దగ్గరకెళ్ళి మిగతా గాజుసామాను కడగడం మొదలుపెట్టింది. మధులతగారు వచ్చి మూత తీసి చూసి, బిళ్ళల డబ్బా దగ్గరికి లాక్కున్నారు.

"బిళ్ళలు పెడదాం పాపాయీ. రేపు చూద్దాం. అప్పుడే కంగారు పడకు."

"ఆయ్" అంది పాపాయి.

ఆదివారం డాక్టరుగారు సెలవు మానుకుని వచ్చారు. ప్లేటు వెలుతురుకు పట్టుకున్నారు. పాపాయి వెనకనుంచే చూసింది. పదకొండు బిళ్ళలు. పదింటి చుట్టూ పురుగు అంచుదాకా వచ్చేసింది. పదకొండో దాని చుట్టూ మాత్రం సన్నని గుడి.

"ఒకటి ఉందండి" అంది పాపాయి.

"ఉంది. విశాఖపట్నం నుంచి తెప్పించాలి. మూత్రపిండాల మీద పడుతుంది ఆ మందు. అయినా ఇంకో దారి లేదు." ఆవిడ కుర్చీలో కూర్చుని పుస్తకం ముందుకు లాక్కున్నారు. "మీ ఆయన ఊళ్ళో ఎవరిచేతైనా తరచుగా ఇంజక్షన్లు వేయించుకునేవాడా?"

"లేదండి. జ్వరమొస్తే మిరియాల కషాయం తాగి దుప్పటి కప్పుకునే మనిషండి. సూదంటే పరుగెడతాడండి."

"అంతకుముందు ఏ ఆసుపత్రిలోనైనా ఉన్నాడా?"

"పుట్టాక ఇదేనండి ఆసుపత్రి."

"చెట్టు మీంచి నేరుగా ఇక్కడికే వచ్చాడు. అయితే బయటినుంచి తెచ్చుకున్నది కాదు, ఇక్కడే పట్టుకుంది." ఆవిడ పుస్తకం పేజీలు వెనక్కి తిప్పారు. "సింకు, ఏమీ లేదు. కుళాయి, ఏమీ లేదు. జూన్, ఏమీ లేదు. మే, ఏమీ లేదు. గదిలో లేని పురుగు మనిషికి ఎలా పట్టింది?"

ఇన్ని నెలలుగా ఆ పేజీల్లో ఏమీ లేదని ఎందుకు వచ్చిందో ఆ గదిలో తెలిసినది పాపాయి ఒక్కతే. చెబితే సువార్తమ్మ ఉద్యోగం పోతుంది. తనదీ పోతుంది. చెప్పకపోతే ఐదో మంచంలో, ఆరో మంచంలో మనుషులున్నారు. అన్నిటికంటే ముందు, ఆ పురుగు చిట్టియ్యకు ఇంకా పడుతూనే ఉందేమో. మందు ఒక పక్క చంపుతుంటే ఇంకో పక్కనుంచి మళ్ళీ పోస్తున్నట్టే అవుతుంది కదా అనిపించింది.

"నేనే చెప్పేదాన్నండి" అంది.

"ఏం చెప్పేదానివి?"

"మీరు పుల్లలు తీసే ముందురోజు సువార్తమ్మక్కకి చెప్పేదాన్నండి. ఇరవై ప్లేట్లు పోయమంటారు కదండీ, దాన్నిబట్టి తెలిసేదండి. ఆవిడ పొద్దున్నే ఫినాయిలు పోసి కడిగేసేదండి. అందుకని మీకు ఏమీ దొరకలేదండి. చుట్టాలొచ్చే ముందు కడుక్కున్నట్టే అనుకున్నామండి. ఇందులో తప్పుందని మాకు తెలీదండి."

మధులతగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎప్పటినుంచి?"

"దసరా ముందునుంచండి."

ఆవిడ లేచి చార్టు దగ్గరకెళ్ళారు. దసరా దగ్గర వేలు పెట్టి అడ్డంగా జరుపుకుంటూ వచ్చారు. ద్రాక్షవాసన పురుగు పట్టిన పేర్లు చిట్టియ్యతో కలిపి ఆరు. అందులో మూడు పేర్ల పక్కన చిన్న సిలువలాంటి గుర్తు ఉంది. దాని అర్థం పాపాయికి తెలుసు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని పాపాయి అనుకుంది.

"పళ్ళెం పట్టుకో, పద" అన్నారు.

ఆ పూట ఎవరికీ చెప్పకుండా వెళ్ళారు. సువార్తమ్మకి ఆదివారం సెలవు. సింకు రంధ్రంలోకి పొడవైన పుల్ల దించి తీశారు. మరుసటి రోజు ఆ ప్లేటు అంచునుంచి అంచుకి పచ్చగా ఉంది. బిళ్ళలు పెట్టి చూస్తే అవే పది మందులకి గుడి లేదు, అదే పదకొండో దానికి సన్నగా ఉంది. ప్లంబరు వచ్చి సింకు కింద గొట్టం విప్పితే, లోపల రేవుమెట్ల మీది నాచులాగా జిగట పేరుకుని ఉంది. పైన ఎంత ఫినాయిలు పోసినా అది కదల్లేదు. కుళాయి తిప్పినప్పుడల్లా అడుగునుంచి తుంపర లేచి, సింకులో కడిగి అంచు మీద బోర్లించిన సీసాల మీద, గిన్నెల మీద పడుతూ వచ్చింది. సింకు ఊడబెరికారు. గిన్నెలు ఇక మీద ఉడకబెట్టే వాడాలని రాసి అంటించారు. ముందుగా ఎవరు ఎవరికి చెప్పారన్నది మధులతగారు ఎక్కడా రాయలేదు. ఐదో మంచానికి, ఆరో మంచానికి ఆ పురుగు పట్టలేదు.

విశాఖపట్నం మందు సోమవారం సాయంత్రానికి వచ్చింది. మంగళవారం జ్వరం కాస్త దిగింది. బుల్లెమ్మను ఒక్క నిమిషం లోపలికి పోనిచ్చారు. కొడుకు నుదుట విభూతి పెట్టి బయటికి వచ్చి, కోడలి పక్కన కూర్చుంది.

"ఏదో పురుగంటన్నారు. అద్దాల పెట్టెలో పెట్టి నువ్వు పెంచుతావే, అదేనా?"

"అలాంటిదే అత్తా."

"నువ్వు పెంచినవి నీ ఇంటిమీదకే వచ్చాయేంటే" అంది బుల్లెమ్మ. తిట్టుగా అనలేదు. అలిసిపోయి, నిజంగానే అడిగినట్టు అడిగింది.

బుధవారం నుంచి చిట్టియ్యకు మూత్రం రావడం తగ్గింది. ఒళ్ళు ఉబ్బింది. పిలిస్తే కళ్ళు తెరిచేవాడు, చూపు మాత్రం మనిషి మీద ఆగేది కాదు. పాపాయి అతని చేయి తీసుకుని దాని మీద తన వేళ్ళు రెండూ ఎక్కించింది, చెట్టెక్కినట్టు. అతనికి తెలిసిందో లేదో. శుక్రవారం పదకొండు గంటలకి, ఎండ కిటికీలోంచి నేల మీద పడుతున్న వేళ, చిట్టియ్య పోయాడు. ముప్ఫై తొమ్మిదేళ్ళు.

మూడో రోజు సాయంత్రం సువార్తమ్మ క్యారేజీలో అన్నం, చారు పట్టుకుని వచ్చింది. వారం రోజుల్లో మనిషి సగమైపోయింది. పలకరింపుకు వచ్చిన ఆడవాళ్ళు వెళ్ళిపోయేదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. బుల్లెమ్మ లోపల పడుకుంది. హారతి గుమ్మం దగ్గర గిన్నెలు కడుగుతోంది.

"ఆ సింకు పీకేశారు కదే" అంది చివరికి సువార్తమ్మ.

"పీకేశారక్కా."

"మేడంగారికి నువ్వే చెప్పావా?"

"నేనే చెప్పాను."

"మంచిపని చేశావ్" అంది సువార్తమ్మ. తన రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది. "నిన్న మేడంగారి కాళ్ళమీద పడి నేనూ చెప్పుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. పాపాయీ, ఒకటడుగుతాను, దాచకు. మిగతావాళ్ళవి రోజుకొకసారి కడిగాను. వాడిది మూడుసార్లు కడిగాను. మనోడని. ఆ సింకులోనే. గిన్నె విప్పి మరీ తోమాను. నేను అంత చేయకుండా ఉంటే వాడు బతికేవాడేనా?"

పాపాయి ఆ లెక్క అంతకుముందే వేసుకుంది. సింకు ప్లేటు, నాలుగో మంచం ప్లేటు పక్కపక్కన పెట్టి చూసిన పొద్దున్నే వేసుకుంది. అంతకంటే ముందు లెక్క కూడా వేసుకుంది. వీధి కుళాయి దగ్గర తను నవ్వుతూ ఆ కబురు చెప్పకపోయి ఉంటే, ఆ సింకు దసరాకే ఊడి ఉండేది.

"వేరే పురుగక్కా" అంది.

"ఏంటి?"

"సింకులో దొరికింది వేరు. ఆయన ఒంట్లో ఉన్నది వేరు. రెండు ప్లేట్లూ నేను చూశాను కదా. రంగే కలవలేదు. ఆయనకి ఎముక గుచ్చుకున్న చోట చీము పట్టి, లోపలినుంచి వచ్చింది. నీ చేతిది కాదు."

సువార్తమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ప్లేటు విషయంలో పాపాయి మాట ఎన్నడూ తప్పలేదని ఆసుపత్రిలో అందరికీ తెలుసు. సువార్తమ్మకీ తెలుసు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పాపాయి క్యారేజీ విప్పి, రెండు కంచాల్లో అన్నం పెట్టి, ఒకటి ఆమె ముందుకు జరిపింది. "నువ్వూ తిని ఎన్నాళ్ళయిందో. తిను" అంది.

ఇద్దరూ తిన్నారు. చీకటి పడకముందే సువార్తమ్మ లేచి, చెప్పులు వేసుకుని, వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచింది. నడకలో కాస్త బరువు తగ్గినట్టే ఉంది.

హారతి గుమ్మంలోంచి లేచి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. కడిగిన చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మా, నిజంగా వేరేదేనా?"

పాపాయి కంచాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మెతుకులు ఏరి ఒక పక్కకు చేర్చింది.

"నాన్నమ్మ లేచిందేమో చూడు. ఆవిడకి కూడా కాస్త అన్నం పెట్టాలి" అంది.